వీపు మాత్రమే మిగిలిన తస్వీర్

మా బడే అబ్బా ఇల్లు ఎల్‌బీ నగర్‌లో. బడే అబ్బా అంటే మా అబ్బాకు పెద్దన్న. పోయిన రంజాన్‌లో ఒక ఆదివారం ఇఫ్తార్‌కు రమ్మన్నారు. మగ్రిబ్ నమాజ్ అయ్యాక చాయ్ తాగుతుంటే అల్మారా పైనున్న బిస్కట్ డబ్బా దించమని నాతో అన్నారు. ఆయనకు ఒక కంట్లో మోతియాబింద్ ఆపరేషన్ అయింది, రెండో కన్ను బాకీ ఉంది. "బేటా, కళ్లు పూర్తిగా పోకముందే ఇది నీకు అప్పజెప్పాలి. అఖ్బార్‌లో పనిచేసేవాడివి, నీ దగ్గరుంటే ఖరాబ్ కాదు" అన్నారు.

డబ్బాలో బీదర్ నుంచి వచ్చిన రెండు పోస్టు కార్డులు, కాలేజీ ఫీజు రసీదులు, ఒక పాత రేషన్ కార్డు ఉన్నాయి. వాటి కింద ఏడు తెలుపు నలుపు ఫొటోలు. అన్నీ చదరంగా, అరచేతిలో పట్టేంత. అంచులు అల్లిక కత్తిరించినట్టు వంకీలు తిరిగి ఉన్నాయి. ఆరింటిలో పొడుగు జుట్టు కుర్రాళ్లు సరూర్‌నగర్ చెరువు కట్ట మీద నిలబడి, కూర్చుని, ఒకడి భుజం మీద ఒకడు చెయ్యేసుకుని ఉన్నారు. ఏడో దాంట్లో ఒక సైకిల్ రిక్షా, దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని చైను సరిచేస్తున్న మనిషి. ఖాకీ కమీజు, భుజం మీద తువ్వాలు. కనిపించేది వీపే, మొహం లేదు.

"యే కౌన్ హై, బడే అబ్బా?"

"తేరే దాదా."

నాకు ఎనిమిదేళ్లప్పుడు దాదా గుజర్ గయే. బీడీ వాసన, గరుకు అరచేయి, జుమ్మా రోజు నా చేతిలో పెట్టే పదిపైసల బిళ్ల యాద్ ఉన్నాయి. మొహం మాత్రం యాద్ లేదు. దాదా తస్వీర్ అంటూ ఒకటి ఉందని నలభై ఏళ్లు దాటాక తెలిసింది. అందులోనూ మొహం లేదు.

1969లో తీసిన ఫొటో అది. ఆ రాత్రి నుంచి నన్ను ఒక సవాల్ వదలడం లేదు. అరవైల జమానా అనగానే దునియా మొత్తానికి కొన్ని తస్వీరులు కళ్ల ముందు కదులుతాయి. మన షహర్‌కు, మన ఖాందాన్లకు అరవైల తస్వీర్ ఏది? ఉన్న ఒక్కటీ వీపు చూపిస్తుందెందుకు?

దునియా దాచుకున్న మొహాలు

1967 అక్టోబర్ 21న వాషింగ్టన్‌లో వియత్నాం జంగ్‌కు వ్యతిరేకంగా పెద్ద జులూస్ జరిగింది. పెంటగాన్ ముందు తుపాకులకు బాయొనెట్లు తగిలించుకుని నిలబడ్డ సిపాయిల ఎదుట పదిహేడేళ్ల అమ్మాయి ఒక పువ్వు పట్టుకుని నిలబడింది. ఫ్రాన్స్ ఫొటోగ్రాఫర్ మార్క్ రిబూ ఆ క్షణాన్ని పట్టుకున్నాడు. తర్వాత దునియా ఆ అమ్మాయి పేరు కూడా తెలుసుకుంది: జాన్ రోజ్ కాస్మిర్.

1969 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక పాడిరైతు పొలంలో వుడ్‌స్టాక్ సంగీత మేళా జరిగింది. మూడు రోజులనుకున్నది నాలుగో రోజు పొద్దుటిదాకా సాగింది. నాలుగు లక్షల మంది దాకా వచ్చారు. బురదలో, తెల్లవారుజామున ఒకే దుప్పటి కప్పుకుని నిలబడ్డ ఒక జంటను బర్క్ ఉజిల్ ఫొటో తీశాడు. ఆ మేళా పాటల రికార్డు అట్ట మీద వేసింది ఆ బొమ్మనే. వాళ్ల పేర్లు నిక్, బాబీ. తర్వాత పెళ్లి చేసుకున్నారు, ముసలితనం దాకా కలిసి బతికారు. పత్రికలు వాళ్లను వెతుక్కుంటూ వెళ్లి మళ్లీ మళ్లీ ఫొటోలు తీశాయి.

దీన్నే కౌంటర్ కల్చర్ అన్నారు. మన జబాన్‌లో బగావతీ తెహజీబ్ అనుకోవచ్చు. పెద్దల జంగ్ మాకొద్దు, పెద్దల బట్టలొద్దు, పెద్దల మర్యాదలొద్దు అన్న నౌజవాన్ల తిరుగుబాటు. వాళ్లు మొహాలు దాచుకోలేదు, చూడమన్నారు. కెమెరా చూసింది.

మన వైపు ఆ హవా రెండు దారుల్లో వచ్చింది. ఒకటి పైపై దారి: పొడుగు జుట్టు, బెల్‌బాటం ప్యాంటు. జుట్టు మెడ దాటిన ప్రతి కుర్రాడికీ మొహల్లాలో "హిప్పీ" అని పేరు పడేది. బడే అబ్బాకూ పడింది. రెండో దారి లోతైనది. అది తెలుగు అదబ్‌లోంచి వచ్చింది, సరిగ్గా ఈ హైదరాబాద్ రోడ్ల మీదే.

అర్ధరాత్రి, ఒక రిక్షావాలా

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. డిగ్రీలో తెలుగు తీసుకుంటానంటే ఇంట్లో నవ్వారు, కాలేజీలోనూ నవ్వారు. రెండో ఏడాది లైబ్రరీలో దిగంబర కవుల సంపుటాలు చేతికొచ్చాయి. ఇంత ఘాటుగా తిట్టే తెలుగు కూడా ఉందా అని హైరాన్ అయ్యాను.

వాళ్లు ఆరుగురు: నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న. ఇవేవీ అమ్మానాన్నలు పెట్టిన పేర్లు కావు. కులాన్ని, వంశాన్ని చెప్పే పేర్లను విప్పేసి ఈ పేర్లు తొడుక్కున్నారు. దిగంబరులంటే అసలు మతలబ్ అదే, బట్టల సంగతి కాదు. కవితల్ని 'దిక్'లు అన్నారు. పాత పంచాంగం అక్కర్లేదని సంవత్సరాలకు, రుతువులకు, వారాలకు సొంత పేర్లు పెట్టుకున్నారు. 1965, 1966, 1968లలో మూడు సంపుటాలు తెచ్చారు.

నన్ను కదిలించింది ఆ పుస్తకాలు లోకంలోకి వచ్చిన తీరు. అప్పట్లో కితాబ్ బయటికి రావాలంటే ఒక మంత్రిగారో, మహాకవో, శాలువాలో, దండలో ఉండాలి. వీళ్లు 1965 మే నెలలో హైదరాబాద్‌లో అర్ధరాత్రి వేళ మొదటి సంపుటిని ఒక రిక్షా కార్మికుడి చేత విడుదల చేయించారు. ఆయన పేరు నాంపల్లి పాండు. రెండో సంపుటిని విజయవాడలో జంగాల చిట్టి అనే హోటల్ పనివాడు, మూడో దాన్ని విశాఖపట్నంలో ఒక పేద స్త్రీ విడుదల చేశారు. బువ్వ కోసం రాత్రింబవళ్లు చాకిరీ చేసేవాళ్ల చేతుల మీదుగా కవిత్వం బయటికి రావడం తెలుగు తారీఖ్‌లో చిన్న విషయం కాదు.

అమెరికా బీట్ కవులతో, కలకత్తా హంగ్రీ జనరేషన్‌తో వీళ్లను పోల్చినవాళ్లున్నారు. కలకత్తాలో 1961లో మొదలైన ఆ గుంపు మీద సర్కార్ అశ్లీలత కేసు పెట్టింది, 1964లో మలయ్ రాయ్ చౌధురిని అరెస్టు చేసింది. ఇక్కడి బగావత్ వేరే దారి పట్టింది. 1970 ఫిబ్రవరిలో విశాఖలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభ జరుగుతుంటే, రచయితలారా మీరెటు వైపు అని విద్యార్థులు కరపత్రంతో నిలదీశారు. ఆ ఏడాది జూలై 4న విప్లవ రచయితల సంఘం పుట్టింది. దిగంబరుల్లో కొందరు అందులో చేరారు. 1971లో జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజులను ప్రివెంటివ్ డిటెన్షన్ చట్టం కింద జైల్లో పెట్టారు. వుడ్‌స్టాక్ కుర్రాళ్లు కొందరు ఇళ్లకెళ్లి ఉద్యోగాల్లో చేరారు. మనవాళ్లు ఉద్యోగాలు పోగొట్టుకుని జైళ్లకెళ్లారు.

ఆ ఆరుగురి ఫొటోలు పుస్తకాల్లో, పత్రికల్లో చాలాసార్లు చూశాను. నాంపల్లి పాండు మొహం మాత్రం ఇన్నేళ్ల జర్నలిజంలో ఒక్కసారీ నా కంటపడలేదు. పేరు తారీఖ్‌లోకి వచ్చింది, మొహం రాలేదు. మా దాదా విషయం దీనికి ఉల్టా. పొరపాటున వీపు ఫొటోలోకి వచ్చింది, పేరు ఎక్కడా రాలేదు.

మా దాదా కూడా రిక్షావాలాయే. మలక్‌పేట, కాచిగూడ స్టేషన్ల దగ్గర తొక్కేవారు.

పన్నెండు ఫొటోల రీలు

ఫొటోలు ఎందుకు లేవు అన్నదానికి మొదటి జవాబు సాదాసీదా: పైసలు. ఆ రోజుల్లో మామూలు ఇళ్లలోకి వచ్చిన కెమెరా ఆగ్‌ఫా క్లిక్ త్రీ. మన దేశంలోనే తయారయ్యేది. 120 సైజు రీలు వేస్తే పన్నెండు ఫొటోలు వచ్చేవి, ఒక్కొక్కటీ ఆరు సెంటీమీటర్ల చదరం. ఎండ బాగా ఉంటే ఫొటో బాగుండేది. మబ్బు పడితే నసీబ్. అర్ధరాత్రి రోడ్డు మీద తీయాలంటే ఫ్లాష్ బల్బు కావాలి, ఒక్క ఫొటోకు ఒక్క బల్బు కాలిపోతుంది.

రీలు కూడా చవక కాదు. దేశంలోనే ఫిల్మ్ తయారు చేయాలని 1960లో ఊటీలో హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ పెట్టారు, అందులో తయారీ మొదలయ్యేసరికి 1967 వచ్చింది. 'ఇందు' పేరుతో ఆ ఫిల్మ్ దొరికేది. పన్నెండు ఫొటోల రీలంటే పన్నెండుసార్లు ఆలోచించాలి. ఎవరిని తీయాలి, ఎవరిని వదలాలి? ఇప్పుడు మన పిల్లలు బిర్యానీ ప్లేటునే పన్నెండుసార్లు తీస్తారు.

బడే అబ్బాకు క్లిక్ త్రీ తనది కాదు. కాలేజీ దోస్తు ఒకడు ఒక్క రోజుకు ఇచ్చాడు. రీలు డబ్బులు నలుగురు చందా వేసుకున్నారు. పన్నెండులో అయిదు తెల్లబోయాయి. పదకొండూ దోస్తుల మీద ఖర్చు చేశాక ఒకటి మిగిలింది. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పక్కన అబ్బాజాన్ రిక్షా ఆపి చైను సరిచేస్తుంటే మెల్లగా వెనక్కి వెళ్లి నిలబడ్డారు.

"బటన్ చప్పుడు విన్నారు. తిరక్కుండానే అన్నారు, 'మేరా మూఁ నక్కో ఉతార్ రే.' నా మొహం తీయకురా అని. నేను అప్పటికే నొక్కేశా. తర్వాత వారం రోజులు నాతో బాత్ బంద్."

మొహం ఎందుకు వద్దన్నారు

ఇది రెండో జవాబు. మొదటిదానికంటే బరువైనది.

దీన్ సంగతి ఒకటుంది. తస్వీర్ ఉన్న ఇంట్లోకి ఫరిష్తాలు రారన్న ఖౌఫ్ మన పెద్దల్లో చాలామందికి ఉండేది. ఉలమాల్లో కూడా కెమెరా ఫొటో చెల్లుతుందా లేదా అని ఎన్నో బహెస్‌లు నడిచాయి. అందుకే మన ఇళ్లలో ఫొటో గోడ ఎక్కలేదు. సందూక్‌లో, బట్టల అడుగున ఉండేది. దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. అది వాళ్ల అఖీదా.

కానీ హైదరాబాద్‌లో తస్వీర్‌కూ పర్దాకూ ఎప్పుడో సుల్హ్ కుదిరింది. ఆరో నిజాం ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ 1892లో ఈ షహర్‌లో జనానా స్టూడియో తెరిచారు. నడిపింది ఒక తెల్లదొరసాని. మర్దులకు ప్రవేశం లేదు. పర్దా తప్పకుండా నవాబుల ఇళ్ల ఔరత్‌లు ఫొటో తీయించుకున్నారు. 1894లో నిజాం ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ అని ఖితాబ్ ఇచ్చారు. డబ్బున్నవాళ్లకు దీన్, తస్వీర్ రెండూ దక్కాయి. అంటే అడ్డం వచ్చింది దీన్ ఒక్కటే కాదు.

మా దాదాది బీదర్ జిల్లాలో ఒక గావ్. 1948 సెప్టెంబర్ 13న ఫౌజ్ నిజాం రియాసత్‌లోకి వచ్చింది. అయిదు రోజుల్లో అంతా ఖతం. పోలీస్ యాక్షన్ అన్నారు. ఆ అయిదు రోజుల తర్వాత జిల్లాల్లో ఏం జరిగిందో మన ఇళ్లలో గుసగుసగానే చెప్పుకున్నారు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ ఆ ఏడాది చివర్లో పల్లెలు తిరిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా రాసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ దెబ్బతిన్నాయి. ఆ రిపోర్టు అరవై ఏళ్లకు పైగా ఫైళ్లలోనే ఉండిపోయింది.

ఆ రోజుల్లో గావ్‌లో ఎవరో చెయ్యి చూపించి "వీడే" అంటే చాలు, ప్రాణం పోయేది. మా దాదా తమ్ముణ్ణి అలాగే చూపించారు. దాదా, దాదీ కడుపులో బడే అబ్బాతో రాత్రిపూట నడుచుకుంటూ, దొరికిన బండెక్కుతూ షహర్ చేరారు. ఆ తర్వాత దాదా బతుకంతా ఒకటే ఉసూల్: మన మొహం ఎవరికీ గుర్తుండకూడదు. మొహం గుర్తుంటే చూపించేవాడు ఉంటాడు.

బడే అబ్బా ఈ సంగతి నాకు చెప్పడం ఇదే మొదటిసారి. చెప్పి చాలాసేపు ఖామోష్‌గా ఉన్నారు. ఇషా అజాన్ అయ్యింది.

దిగంబర కవులు పేర్లు విప్పేశారని మెచ్చుకుంటూ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. ఆ రాత్రి అనిపించింది, పేరు విప్పడానికి కూడా ఒక నిశ్చింత కావాలి. రెడ్డి అన్న పేరు, ఆచార్య అన్న పేరు వదులుకుంటే అది త్యాగ్. వాళ్ల త్యాగాన్ని నేను చిన్నది చేయడం లేదు, దానికి వాళ్లు కట్టిన కీమత్ జైలు. కానీ పేరు చెబితేనే ప్రాణం పోయిన జమానా చూసినవాడు పేరునూ మొహాన్నీ దాచుకుంటే దాన్ని ఏ కితాబ్ బగావత్ అనదు. ఆ ఆరుగురిలో ముసల్మాన్ ఒక్కడూ ఎందుకు లేడని కాలేజీ రోజుల నుంచి నాలో ఒక ముల్లు ఉండేది. జవాబు ఈ బిస్కట్ డబ్బాలో దొరికింది. మన నౌజవాన్లు అరవైలలో ఉన్నారు. బాప్‌ల ఖౌఫ్ మోస్తూ ఉన్నారు.

1969లో బడే అబ్బా

అప్పటి దిల్‌సుఖ్‌నగర్‌ను ఇప్పటి కోచింగ్ సెంటర్ల, నగల దుకాణాల దిల్‌సుఖ్‌నగర్‌తో పోల్చకండి. మలక్‌పేట దాటితే పొలాలు, మామిడి తోపులు, విజయవాడ వైపు పోయే సడక్. ఎల్‌బీ నగర్ పేరే అరవైల పేరు. 1966 జనవరిలో తాష్కెంట్‌లో చనిపోయిన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి పేరది. మధ్యలో మూసారాంబాగ్ ఉంది. 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండ్‌ను ముసల్మానులు మూసా రహీమ్ అన్నారు, హిందువులు మూసా రామ్ అన్నారు. ఆయన సమాధి అక్కడే గుట్ట మీద ఉంది. ఆ మొహం ఈ షహర్‌లో ఎవరికీ తెలియదు. అయినా రెండు వందల ఏళ్ల తర్వాత మెట్రో రైల్లో ఆ పేరు రోజూ మోగుతుంది. జనం నోట్లో నిలిస్తే పేరు తస్వీర్ లేకుండానే బతుకుతుంది.

1969లో బడే అబ్బాకు ఇరవై ఏళ్లు. జనవరిలో ఖమ్మం జిల్లాలో మొదలైన తెలంగాణ ఆందోళన ఉస్మానియాకు పాకింది. కాలేజీలు మూతబడ్డాయి, లాఠీలు, గోలీలు. 369 మంది షహీద్ అయ్యారని ఉద్యమకారుల లెక్క. వాళ్ల యాద్‌గార్ గన్‌పార్కులో ఉంది, ఎక్కా యాదగిరిరావు చెక్కింది. బడే అబ్బా కూడా జులూస్‌లో నడిచారు. పత్రిక ఫొటోగ్రాఫర్ కనిపిస్తే చాలు, పక్కవాడి వెనక్కి తప్పుకునేవారట. "లాఠీకి భయపడలేదు బేటా, కెమెరాకు భయపడ్డా. అఖ్బార్‌లో నా మొహం పడితే అబ్బాజాన్ బతికుండగానే చచ్చిపోతారు."

ఆ ఆగస్టు 25న మఖ్దూం మొహియుద్దీన్ ఢిల్లీలో ఇంతెఖాల్ అయ్యారు. కమ్యూనిస్టు, షాయర్, ఆబిడ్స్ ఓరియంట్ హోటల్ మహఫిళ్లకు జాన్. ఆయన్ను నాంపల్లిలో షాహ్ ఖామోష్ దర్గాలో దఫన్ చేశారు. ఉర్దూ, తెలుగు, హిందూ, ముసల్మాన్ అన్న ఫరక్ లేకుండా జనం వచ్చారు. బడే అబ్బా వెళ్లారు. దాదా కూడా వచ్చారు, రిక్షా బయట నిలిపి. "అబ్బాజాన్‌కు షాయరీ రాదు, చదువూ రాదు. కానీ యూనియన్ మీటింగుల్లో మఖ్దూం సాబ్ మాట విన్నారు. ఆ రోజు మొదటిసారి చూశా, మా అబ్బాజాన్ ఒక గుంపులో, దాక్కోకుండా నిలబడటం."

ఆ క్షణానికి ఫొటో లేదు. డెబ్బై ఆరేళ్ల మనిషి చూపు మసకబారిన కళ్లలో ఉంది. అంతే.

మనవాళ్లు తెలుగు అదబ్‌లో తమ పేర్లతో, తమ గాయాలతో నిలబడటానికి ఇంకా రెండు దశాబ్దాలు పట్టింది. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది, స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా' 1998లో. దిగంబరులు తెలుగు కవిత్వానికి గొంతెత్తి కోపగించుకునే హక్కు తెచ్చారు. మనవాళ్లు ఆ హక్కులోకి తమ మొహంతో నడిచి వచ్చారు. రెండూ ఒక సిల్‌సిలాయే అని నా అభిప్రాయం.

యాదా, సబూతా

2009 నవంబర్ 29న ఎల్‌బీ నగర్ చౌరస్తాలో శ్రీకాంతాచారి తెలంగాణ కోసం తనను తాను మంటలకు అప్పగించుకున్నాడు. డిసెంబర్ 3న చనిపోయాడు. అప్పుడు నేను కొత్త రిపోర్టర్‌ని. టీవీల్లో ఆ దృశ్యం తిరిగి తిరిగి వచ్చింది. 1969 షహీద్‌లలో ఎంతమంది మొహాలు మనకు తెలుసు? ఇతని మొహం మాత్రం ప్రతి ఇంటికీ చేరింది. ఇప్పుడు ఆ చౌరస్తాలో విగ్రహం ఉంది. నలభై ఏళ్లలో కెమెరా అంత దగ్గరికొచ్చింది.

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు పేలాయి. బస్సు కోసం, చాట్ కోసం నిలబడ్డ బేకసూర్ జనం చనిపోయారు. రాత్రంతా రిపోర్టింగ్ చేసి ఇంటికొచ్చేసరికి మా ఖాలా కొడుకు తన ఫోన్‌లో ఫొటోలు ఒక్కొక్కటే తుడిచేస్తూ కూర్చున్నాడు. ఈద్ ఫొటోలు, దోస్తుల ఫొటోలు, దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ ముందు నవ్వుతూ తీసుకున్న ఫొటో. "ఎందుకురా?" అంటే "భాయ్, రేపు ఎవడన్నా అడిగితే?" అన్నాడు. వాడికి బీదర్ సంగతి తెలియదు. దాదా ఫొటో సంగతీ తెలియదు. అయినా అదే ఖౌఫ్. మిగతావాళ్లకు తస్వీర్ అంటే యాద్. మన ఇళ్లలో ముందు సబూత్, ఆ తర్వాతే యాద్.

సబూత్ కోసం తీయించుకున్న ఫొటోలే మనకు మిగలడం ఇంకో తమాషా. మా దాదీ మొహం మాకు దక్కింది ఓటరు కార్డు పుణ్యాన. శేషన్ సాబ్ 1993లో ఫొటో కార్డులు పెట్టకపోతే దాదీ కూడా మాకు ఒక గొంతుగా మాత్రమే మిగిలేది. తపాలా బిళ్లంత బొమ్మ, పల్లూ నుదుటి దాకా, కళ్లు కెమెరా వైపు కాక కింద నేల వైపు.

వెనక రాయండి

అలెన్ గిన్స్‌బర్గ్ అనే అమెరికా కవి 1962, 63లలో హిందుస్తాన్ అంతా తిరిగాడు. కలకత్తా హంగ్రీ కవులతో కూర్చున్నాడు, కాశీలో ఉన్నాడు. చేతిలో చిన్న కెమెరా ఉండేది. ఆ ఫొటోలు ఇరవై ఏళ్లు మూలనపడి ఉన్నాయి. ఎనభైలలో వాటిని మళ్లీ ప్రింట్ చేయించి ప్రతి బొమ్మ కింద తెల్ల అంచు మీద సొంత దస్తూరీతో రాయడం మొదలుపెట్టాడు: వీడెవడు, ఎక్కడ, ఏ ఏడు, ఆ రోజు ఏం తిన్నాం, వీడు తర్వాత ఏమైపోయాడు. కవి ఎవరన్నది అలా ఉంచండి, ఆ ఆదత్ మాత్రం మనకు కావాలి. మాట లేని తస్వీర్ మూగది. దాన్ని గుర్తుపట్టే ఆఖరి మనిషి పోయిన రోజు అది కాగితం ముక్క.

కాగితం కూడా కాదు, వెండి. తెలుపు నలుపు ఫొటోలో నల్లగా కనిపించేది వెండే. డార్క్ రూమ్‌లో హైపో నీళ్లలో ముంచితే వెలుగు తగలని పూత కరిగిపోతుంది, వెలుగు తాకినచోట సన్నని వెండి రేణువులు నిలుస్తాయి. అందుకే నెగెటివ్‌లకు కబాడీలో ధర ఉంది. దాదా ఫొటో అసలు నెగెటివ్ దొరుకుతుందేమోనని దిల్‌సుఖ్‌నగర్‌లో దాన్ని కడిగిన పాత స్టూడియో కోసం వెతికాను. ఇప్పుడది మొబైల్ కవర్ల దుకాణం. పక్కనున్న టైలర్ మాస్టర్ చెప్పాడు: డిజిటల్ వచ్చాక మూసేశారు, గోనె సంచుల్లో నెగెటివ్‌లు కిలోల లెక్కన అమ్మేశారు. ఒక ఇలాకా మొత్తం పెళ్లిళ్లు, బిస్మిల్లాలు, నౌకరీ దరఖాస్తుల మొహాలు వెండి కోసం కరిగిపోయాయి. అమ్మినవాళ్లను ఏమంటాం? వాళ్లకూ కిరాయి కట్టాలి. మనం ముందే వెళ్లలేదు, అదీ సంగతి.

భాయియోఁ, బహనోఁ, మీ ఇంట్లోనూ ఇలాంటి ఒక డబ్బా ఉంటుంది. ఈ జుమ్మాకే దించండి. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల పక్కన కూర్చోండి. ప్రతి ఫొటో వెనక మెత్తని పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్‌తో వద్దు, ముందుకు అచ్చు పడుతుంది. పేరు, రిష్తా, మొహల్లా, ఏడు రాయండి. కుదిరితే ఒక వాక్యం, ఆ రోజు ఏం జరిగిందో. ఉర్దూలో రాయండి, తెలుగులో రాయండి, మీ పిల్లలు ఏది చదవగలిగితే అందులో రాయండి. ఫొటోలు దీన్‌కు ఖిలాఫ్ అనుకునే ఇల్లయితే ఫొటో లేకుండానే ఒక నోట్‌బుక్‌లో పేర్లు రాయండి. మూసా రామ్ పేరు అలాగే బతికింది.

ఈ వ్యాసంతో పాటు దాదా తస్వీర్ పెడదామనుకున్నాను. వీపే కదా, మొహం లేదు కదా అని. బడే అబ్బాను ఇజాజత్ అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి "నక్కో బేటా" అన్నారు. "ఒకసారి ఆయన వద్దన్నా నొక్కేశా. రెండోసారి ఆ పని చేయను. లిఖ్‌నా హై తో లిఖ్."

అందుకని పెట్టడం లేదు. ఆయన చెబుతుంటే ఫొటో వెనక నేను రాసింది మాత్రం ఇది, ఆయన ఇజాజత్‌తోనే:

"అబ్బాజాన్. దిల్‌సుఖ్‌నగర్ సడక్, 1969, ఎండాకాలం. బీదర్ నుంచి వచ్చారు. రిక్షా తొక్కి ముగ్గురు పిల్లల్ని చదివించారు. చైను తెగింది, అతుకుతున్నారు. మొహం తీయొద్దన్నారు. మొహం గుండ్రం, గడ్డం కొంచెం, ఎడమ కనుబొమ్మ మీద గాటు. నవ్వితే ఎడమ చెంప మీద సొట్ట పడేది."

సొట్ట సంగతి నాకు తెలియదు. ఆ రాత్రి ఇంటికెళ్లి అద్దంలో చూసుకున్నాను. నాకూ ఎడమవైపే పడుతుంది.